నతానియేలు గురువార సంగ్రామం

కళ్ళములందు ఆరబోసిన మిరపపండ్లు భూదేవికి పరచిన రక్తకంబళములవలె ఎర్రెర్రగా మెరయుచుండగా, వాటి ఘాటు గాలినెక్కి సజ్జనులను దుర్జనులను సమభావముతో తుమ్మించుచుండగా, రాళ్ళు కోయు రంపముల ఘోష దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, గ్రానైటు ధూళి అడుగని వాని మొగమునకు సైతము ఉచితముగా పౌడరు పూయుచుండగా, మార్టూరు మహాపట్టణమున, బస్టాండున కెదురుగా, మాలిక్ అను సెల్‌ఫోను మరమ్మతుదారుని దుకాణమందు ముగ్గురు మహావీరులు ఒక ఆట కొరకు ఎదురుచూచుచుండిరి. ఎదురుచూచుట మొదలై ఎనిమిదేండ్లు. ఆ ఆట ఇంకను పుట్టలేదు.

టీవీకి తగిలించి ఆడు ఆ వీడియో గేము నామధేయము 'డస్ట్ కింగ్‌డమ్', మూడవ భాగము. మొదటి రెండు భాగములను ఈ వీరులు తిండి మాని, నిద్ర మాని, తల్లుల తిట్లు మాత్రము మానక ఆడి ముగించిరి. సముద్రముల కావల ఏసీ గదులలో కూర్చుండు కంపెనీవారు మూడవది 'త్వరలో' అని ప్రకటించిన నాడు మాలిక్ తలనిండ జుట్టుండెను. ఇప్పుడు దువ్వెన జేబులో అలవాటు కొద్దీ ఉన్నది. మా బస్టాండు ముందు కాలువ తవ్వి పోయిన కాంట్రాక్టరు కూడ 'త్వరలో' అనియే పోయెను గాని, వాడు కనీసం సిగ్గుపడి ఫోను స్విచ్చాఫ్ చేసుకొనెను. వీరికి ఆ పాటి సిగ్గును లేదు. ఏటేట ఒక నిమిషము ట్రైలరు విసరుదురు, ఎంగిలి మెతుకు విసరినట్లు. దానిని ఏరుకొని తినుటకు లోకమంతట లక్షలాది వీరులు. మనవాళ్ళు ముగ్గురు.

విడుదల తిథి నిర్ణయమున ముగ్గురిది మూడు శాస్త్రములు. మాలిక్ ట్రైలరును క్షణక్షణము ఆపి, భూతద్దము పెట్టి, ఫోను లోపల తెగిన తీగను వెదకినట్లు వెదకును.

"ఒరేయ్, కిటికీలో చంద్రుణ్ణి చూడండ్రా! సగం చంద్రుడు. అష్టమి. అంటే ఎనిమిది. ఎనిమిదో నెల, ఆగస్టు!"

"నీ మొహం. పోయినసారి తీగ మీద కాకుల్ని లెక్కపెట్టి ఫిబ్రవరి అన్నావ్," అని గర్జించెను యలమంద. ఇతడు మిరపరైతు, నల్లరేగడి గర్భమున పుట్టినవాడు, కళ్ళము నుండి సరాసరి దుకాణమునకు వేంచేయువాడు. ఇతని వ్రేళ్ళు తాకిన కంట్రోలరును పిదప పట్టి కన్ను నలుపుకొన్నవాడు శత్రువుతో పని లేకయే ఆ పూట నేలకూలును. "వాళ్ళు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టార్రా. మా నాన్న కాయలు పెట్టినట్టే. రేటు పెరిగిందాకా తియ్యరు. దీపావళి దాకా నోరు మూసుకొని కూర్చో."

"రేటు పెరగకపోతే?" అని అడిగెను మాలిక్.

"బూజు పడుద్ది. అప్పుడు అడిగినోడికల్లా ఇస్తారు."

మూడవ వీరుడు, ఈ గాథకు నాయకుడు, పాలిషు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, శిలాదర్పణనిర్మాణధురంధరుడు నతానియేలు. ఇతడు బల్లపై వ్రేలు పెట్టి, నీటికుళాయి తిప్పినంత నిదానముగా సెలవిచ్చెను: "రాయికి పాలిష్ ఎక్కిందా లేదా అనేది అందులో మన మొహం చూసుకుంటే తెలుస్తుంది. ట్రైలర్లో సముద్రం చూశారా? ఓడ నీడ నీళ్ళలో పడట్లా. ఇంకా సగం పని ఉంది. ఈ ఎండాకాలం రాదుగాక రాదు."

అంతటి జ్ఞాని. ఆ జ్ఞానమును వాడు ఆటకు మాత్రమే పరిమితము చేసిన బాగుండెడిది. పెండ్లికి కూడ వాడెను.

ఏలయన నతానియేలునకు ఫెబా అను కన్యారత్నముతో నిశ్చితార్థమై యుండెను. ఆమె ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. చూపుతోనే తరగతినంతటిని కూర్చుండబెట్టగల ధీర. వారి వివాహము క్రిస్మసునకు ముందు జరుగవలసినది. అంతలో క్రిస్మసుకు ఆట వచ్చునని వదంతి పుట్టెను. నాయకుడు ఫ్యాక్టరీలో ఆర్డర్లెక్కువని చెప్పి పెండ్లిని ఫిబ్రవరికి నెట్టెను. ఆట రాలేదు. ఫిబ్రవరి సమీపించుసరికి మాలిక్ కాకులను లెక్కపెట్టెను. నాయకుడు చిన్నాన్నకు నడుము పట్టెనని చెప్పి మరల వాయిదా వేసెను. ఆట రాలేదు. నడుము పట్టిన చిన్నాన్న మాత్రము చర్చి ఆవరణలో వాలీబాలు ఆడుచు పెండ్లికూతురి కంటబడెను.

అసలు సంగతి బయటపెట్టినవాడు యలమంద. జెరాక్సు షాపునందు ఫెబాను చూచి, పాపము ఓదార్చుదమనుకొని, "ఏంటోనండీ, ఫిబ్రవరిలో కూడా రిలీజవలా. మీ పెళ్ళి అనవసరంగా ఆగింది," అనెను. మంచితనము చేసినంత చెరుపు శత్రుత్వము చేయజాలదు.

ఆ సాయంకాలమే ఫెబా ఫ్యాక్టరీ గేటు ముందుకు వచ్చెను. ప్రళయకాలరుద్రాణివలె వచ్చెనని వ్రాయవలెను గాని, స్కూటీ మీద వచ్చెను.

"ఆ ఆట కోసం నా పెళ్ళి వాయిదా వేశావా?"

"వాయిదా కాదు ఫెబా. సర్దుబాటు."

"సర్దుబాటా! బళ్ళో అందరూ అడుగుతున్నారు, అబ్బాయికేమైనా జబ్బా అని. ఏం చెప్పమంటావ్? ఆడుకోవాలంట అని చెప్పనా?" వ్రేలి ఉంగరమును చూపి ఆమె నిదానముగా పలికెను. ఆ నిదానమే భయంకరము. "తేదీ నువ్వే చూసుకో. నేనడగను. కానీ చర్చిలో ప్రకటన చదవడం మొదలయ్యాక ఆ తేదీ కదిలిందనుకో, ఇది తీసి అత్తయ్య చేతిలో పెట్టి వస్తా. తర్వాత నువ్వు ఆ ఆటనే చేసుకో."

క్రైస్తవ వివాహమునకు పూర్వము వధూవరుల పేర్లను మూడు ఆదివారములు ఆరాధనలో చదివి, ఆక్షేపణ గలవారు తెలుపవలెనని సంఘమును అడుగుట ఆచారము. వరునికి వేరొక ఊరిలో వేరొక భార్య యున్నచో బయటపడుటకు పెద్దలు పెట్టిన ఏర్పాటు. మంచి ఏర్పాటే. మా చర్చిలో రెండుమార్లు పనికివచ్చెను కూడ.

అంతట దుకాణమందు యుద్ధసభ కూడెను. ఆట ఎప్పుడు వచ్చునో ఎనిమిదేండ్లు వాదించిన వీరులు ఆ దినము తొలిసారిగా, ఆట ఎప్పుడు రాదో వాదించిరి. అష్టమిచంద్రుడు మే నెలను ఒప్పుకొనలేదు. కోల్డ్ స్టోరేజీ ఒప్పుకొనలేదు. నీడ పడని సముద్రము అసలే ఒప్పుకొనలేదు. "మే నెల, రెండో గురువారం," అని ముగ్గురును ఏకకంఠముగా తీర్పు చెప్పిరి. "ఆ రోజు ఆకాశం ఊడిపడ్డా రిలీజవదు. నాదీ పూచీ!" అని యలమంద తొడ చరచెను. మూడు శాస్త్రములు ఏకమైన దినము అదొక్కటే.

పాస్టరు జక్రయ్యగారు మొదటి ఆదివారము ప్రకటన చదివిరి. శాంతి. రెండవ ఆదివారము చదివిరి. శాంతి. పెండ్లిపత్రికలు పంచబడెను, షామియానా మాట్లాడబడెను, బిర్యానీ వంటవాడు వినుకొండ నుండి కుదర్చబడెను.

మూడవ ఆదివారము వచ్చెను. ఏప్రిలు ఎండకు రేకుల కప్పు పెనమువలె కాగుచుండగా, పంకాలు వేడిగాలిని ఒకరి మీది నుండి ఒకరి మీదికి న్యాయముగా పంచుచుండగా, మగవారొకవైపు ఆడవారొకవైపు ఆసీనులై యుండగా, వరుని తల్లి వీరమ్మ భోజనమునకు పిలిచినందున మాలిక్, యలమంద ఇద్దరును ముందుగానే వచ్చి చివరి బల్ల మీద ఒదిగి కూర్చుండిరి. నతానియేలు ముందువరుసలో, ఇస్త్రీ చొక్కాలో, గెలిచినవానివలె కూర్చుండెను.

జక్రయ్యగారు కళ్ళద్దములు సవరించుకొని చదివిరి: "మన సంఘ సభ్యుడైన నతానియేలునకును, ఫెబాకును, మే నెల రెండవ గురువారమున పరిశుద్ధ వివాహము జరుగును. ఇది మూడవ ప్రకటన. ఎవరికైనను ఆక్షేపణ ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

సరిగా ఆ క్షణముననే, ఎనిమిదేండ్లు మౌనవ్రతము పట్టిన కంపెనీవారికి నోరు వచ్చెను. చివరి బల్ల మీద యలమంద ఫోను వెలిగెను. వాడు చూచెను. మరల చూచెను. వాని ఇంట పెండ్లిమాటలలో పెద్దలు 'ఈ రోజు అందరికీ కుదురుతుందా' అని అడుగుదురు, కుదరనివారు చెప్పుదురు, రోజు మార్చుదురు. ఈయనయు అదే అడుగుచున్నాడని ఆ అమాయకశిఖామణి నిజముగా నమ్మెను. లేచి నిలబడెను.

"నాకుందండి!"

పంకాలు తప్ప సమస్తము ఆగిపోయెను. సంఘమంతయు ఒక్క మెడతో వెనుకకు తిరిగెను. ఆడవారి వైపున ఒక ముసలమ్మ, "చూశావా, నే చెప్పలా! ఎవత్తో ఉంది," అని పక్కావిడను పొడిచెను.

"ఓరి నీ నోట్లో మన్నుబడ! నీకేం ఆక్షేపణరా?" అని వీరమ్మ లేచెను.

"పెళ్ళికి కాదు పిన్నమ్మా, గురువారానికి!"

"ఆ గురువారానికేమైంది బాబూ?" అని అడిగిరి జక్రయ్యగారు. దొంగపెండ్లిండ్లు, చాటు సంసారములు, దగ్గరి వరుసలు, అన్ని ఆక్షేపణలను విని తీర్పు చెప్పిన పండితుడాయన.

"ఆ రోజే రిలీజండి. ఎనిమిదేళ్ళ నుంచి చూస్తున్నామండి. ఇప్పుడే చెప్పారు."

"ఏం రిలీజు? సినిమానా?"

"ఆటండి. టీవీలో ఆడేది."

జక్రయ్యగారు చేతిలోని ఆరాధన క్రమపుస్తకమును ఒకసారి చూచిరి. దానిలో దీనికి పేజీ లేదు.

అప్పుడు ఆడవారి వైపు నుండి ఫెబా లేచెను. యలమంద వంక చూడలేదు. "అయ్యగారూ, ఆయన్నడగండి," అని మాత్రమనెను. ఆమె కుడిచేయి ఎడమచేతి ఉంగరమును పట్టుకొని యుండెను. ఉంగరము వ్రేలి కణుపు దాకా వచ్చి ఆగెను.

నతానియేలు చూచెను. ఓ వీరుడా! ఒక ప్రక్క ఎనిమిదేండ్ల తపస్సు. తొలిదినము తొలిగడియలో ఆ ధూళిసామ్రాజ్యద్వారమును తెరచువాడు తానే కావలెనని కన్న కల. ఒక దినము ఆలస్యమైనచో ముగింపు ఏమిటో ఫోనులోని ప్రతి పనిలేనివాడు చెప్పివేయునను గుండెకోత. మరియొక ప్రక్క కణుపు దగ్గర ఆగిన ఉంగరము. కురుక్షేత్రమునకు కూడ సారథి యొకడుండెను. ఇచట మాలిక్ చివరి బల్ల మీది నుండి రెండు చేతులతో 'శుక్రవారం, శుక్రవారం' అని సైగలు చేయుచుండెను.

లేచెను. 'ఓ సంఘమా, ఓ ఆకాశమా, వినుడు! కల్పాంతమున కొండలు కదలుగాక, కంపెనీలు కదలుగాక, నా మాట కదలదు' అను మహోపన్యాసము వాని ఎదలో సిద్ధమై, గొంతులో ఇరుక్కొని, నాలుక మీదికి వచ్చుసరికి ఇట్లు కుదించుకొనెను:

"ఆక్షేపణ లేదండి."

"వినపళ్ళా," అనెను ఫెబా.

"లేదండీ! గురువారమే!"

ఉంగరము వెనుకకు, తన చోటికి, జారెను. జక్రయ్యగారు "ఆక్షేపణ కొట్టివేయడమైనది" అని కీర్తనకు చేయి ఊపిరి. యలమంద ఇంకను నిలబడియే, "పోనీ పొద్దున పెళ్ళి, మధ్యాహ్నం..." అనుచుండగా వీరమ్మ చూచిన చూపుకు కూలబడెను. ఆ పూట వానికి భోజనము పెట్టిరి గాని ముక్కలు వేయలేదు.

గురువారము వచ్చెను. నిప్పులు చెరుగు మధ్యాహ్నము. మాలిక్, యలమంద చర్చికే వచ్చిరి. స్నేహధర్మము కొంత, వినుకొండ వంటవాడు కొంత. ఆట డౌన్‌లోడు మొదలగు గడియయు, తాళి గడియయు ఒక్కటే అయి కూర్చుండెను. నతానియేలు కోటు లోపలి జేబున, సరిగా గుండె మీద, ఫోను. తీసి తల్లికిమ్మని ఎందరు చెప్పినను ఇవ్వలేదు. ఆ మాత్రము నమ్మకము తనపై తనకు లేనివాడు వీరుడెట్లగును?

"ఈమెను భార్యగా స్వీకరింతువా?" అని జక్రయ్యగారు అడుగుచుండగా ఫోను అదరెను. గుండె అదరెనో ఫోను అదరెనో వానికే తెలియలేదు. మరల అదరెను. కుడిచేయి తనకు తానుగా లేచెను. కోటు అంచు దాకా పోయెను. ఫెబా తల వంచుకొనియే, మేలిముసుగులోపలి నుండి, ఇద్దరికి మాత్రమే వినబడునట్లు, "తియ్యి చూద్దాం," అనెను.

ఆ చేయి కోటు అంచున ఆగెను. చెమట తుడుచుకొనుటకే లేచినట్లు నుదుటి మీదికి పోయెను. అచట నుండి క్రిందికి దిగి తాళిని అందుకొనెను.

"స్వీకరింతును," అని వాడు కేక వేసెను. చర్చి కప్పు మీది పావురములు లేచిపోయెను.

బిర్యానీ దగ్గర గాని ఫోను బయటికి రాలేదు. అప్పటికే మాలిక్, యలమంద శవము దగ్గర కూర్చున్నట్లు విస్తరి ముందు కూర్చుండిరి.

"ఏంట్రా?"

"మళ్ళీ వెనక్కేశారు," అనెను మాలిక్. "ఇంకా పాలిష్ చెయ్యాలంట."

"నే చెప్పలా! నీడ పడట్లేదని నే చెప్పలా!" అని పెండ్లికొడుకు లేచి గంతువేయబోయి, ప్రక్కన భార్య యున్నదని గుర్తువచ్చి కూర్చుండెను.

"ఎప్పటికంట?" అని ఫెబా అడిగెను.

"త్వరలో అన్నారు."

"అయితే మన పిల్లలు కూడా ఎదురుచూస్తార్లే. ఆ పెరుగుచట్నీ ఇటివ్వు."

కావున ఓ జనులారా, చెవులొగ్గి వినుడు! ఆ సంవత్సరమున లోకమంతట లక్షలాది మేధావులు చంద్రుని కొలిచి, కాకులను లెక్కించి, నీడలను శోధించి ఊహించిన తేదీలన్నియు బొంకుచుండగా, కోట్లకు పడగలెత్తిన కంపెనీ ప్రకటించిన తేదీయు గంగలో కలియగా, చెప్పిన రోజున, చెప్పిన చోట, చెప్పినది చెప్పినట్లు జరిగిన కార్యము మార్టూరు చర్చిలో ఒక్కటే. ఫోను గుండె మీద అదరుచుండగా, తీసి చూడక, నతానియేలు గురువారమును గెలిచెను! దిగ్విజయీభవ!