కదలని బండి, నడిచే డీజిల్

డీజిల్ కంటే ప్రమాదకరమైనది ఏదో తెలుసా? అడిగిన చోటికి వచ్చే డీజిల్! ఆ గండం నుంచి మనల్ని గట్టెక్కించిన భద్రతా నియమాలకు జనం ఒక్క దండమైనా పెట్టడం లేదు. నాకు ఒళ్లు మండి ఈ నాలుగు ముక్కలు రాయాల్సి వచ్చింది.

రెండువేల మూడో సంవత్సరం దాకా రొద్దం చుట్టుపక్కల పల్లెలు ఎంత ప్రమాదంలో బతికాయో చూడండి. ఓబుళప్ప అనే మనిషి లగేజీ ఆటోలో రెండు డ్రమ్ములేసుకొని ప్రతి మంగళవారం చేనిగట్టు దాకా వచ్చేవాడు. రెండుసార్లు హారన్ కొట్టేవాడు. చౌడక్క అనే రైతు తన బావి దగ్గరి ఇంజన్ ఆపేది. అతను గరాటుకు పాత పంచె గుడ్డ కట్టి, చుక్క కింద పడకుండా డీజిల్ పోసి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి పోయేవాడు. ఆరేళ్లలో ఒక్క నిప్పురవ్వ లేచింది లేదు. నియమాలు లేకుండా ఆరేళ్లు క్షేమంగా ఉండటం ఎంత బాధ్యత లేని పని!

ఆ సంగతి హిందూపురం నుంచి వచ్చిన తనిఖీ అధికారి నారాయణస్వామిగారు కనిపెట్టారు. సంచార డీజిల్ బండికి ఏమేం ఉండాలో రాసిచ్చారు. ఎర్రరంగు వేసిన ఇసుక బకెట్లు నాలుగు. మంటలార్పే సిలిండరు ఒకటి. నిప్పురవ్వ పుట్టకుండా వెనకాల నేలకు తగిలేలా ఇనుప గొలుసు. పొగ తాగరాదని తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో బోర్డు. మంటకు ఏ భాష వచ్చో ఎవరికి తెలుసు?

ఓబుళప్ప అన్నీ అమర్చాడు. కొత్త వస్తువు కదా అని సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి, డ్రమ్ముల మధ్య కర్పూరం వెలిగించి హారతి ఇచ్చాడు. అధికారిగారు కళ్లకద్దుకున్నారు.

ఇంకొక్క నియమం మిగిలింది. ఇల్లు, చెట్టు, కరెంటు తీగ, గడ్డివామి, పశువు, బావి, వీటిలో దేనికైనా పదిహేను మీటర్ల లోపల డీజిల్ పోయరాదు. నీళ్లు తోడే ఇంజన్ బావి పక్కన కాక ఇంకెక్కడుంటుంది అని అడిగే తుంటరులు ఉంటారు, పట్టించుకోకండి. టేపు పట్టుకొని ఊళ్లన్నీ కొలిస్తే ఒక్క చోటు పాసయింది. పెనుకొండలో, పెట్రోలు బంకు ఎదురుగా ఉన్న ఖాళీ జాగా. సంచార బండి అక్కడికి పోయి నిలబడింది.

ఈ మేలు చౌడక్కకు మాత్రం అర్థం కాలేదు. ఆమె రెండున్నర ఎకరాల వేరుశనగ ఊడలు దిగి కాయపట్టే వేళ అది. వాన మొహం చాటేసి ఇరవై రోజులైంది. శుక్రవారంలోగా ఒక తడి అందకపోతే మిగిలేది గొర్రెలు మేసే, కాయల్లేని కట్టె. గురువారం మధ్యాహ్నం ఇరవై లీటర్ల క్యాను పట్టుకొని పెనుకొండలో దిగింది.

"ఏమప్పా ఓబుళప్పా, మంగళారం హారన్ కోసరం చెవులు పెట్టుకొని కూచుంటి. రాకపోతివే?"

"యాడొచ్చేదక్కా? ఈడ నుంచి బండి కదిలితే లైసెన్సు పోతాది."

"మరి దానికి చక్రాలెందుకు?"

"అవీ రూల్సులో ఉండాయి."

చౌడక్క క్యాను నింపుకొని రొద్దం బస్సెక్కింది. బస్సులో ఇలాంటి క్యాన్లు ఇంకో నాలుగున్నాయి గానీ, గోనెసంచుల్లో ఉన్నాయి కనుక అవి లేనట్టే. ఆమె ముందు సీట్లో నారాయణస్వామిగారే ఉన్నారు, జీపు రిపేరుకు పోయి. ఆయన సిగరెట్టు నోట్లో పెట్టుకొని అగ్గిపెట్టె తీశారు.

"సార్, పుల్ల గీకద్దండి. నా కాళ్లకాడ డీజిలుండాది," అంది చౌడక్క.

ఆయన అదిరిపడ్డారు. "బస్సులో డీజిలా? ఎంత ప్రమాదమో తెలుసా నీకు?"

"తెలుసు గాబట్టే చెప్తాండా సార్."

ఆయన కండక్టరును పిలిచారు. విజిల్ మోగింది. ఊరింకా ఏడు మైళ్లుందనగా చౌడక్కనూ క్యానునూ రోడ్డు మీద దించేశారు. "రేపే శుక్రవారం సార్," అని ఆమె కిందనుంచి అంటూనే ఉంది. బస్సు సురక్షితంగా కదిలింది. అధికారిగారు ఇందాక ఆగిపోయిన సిగరెట్టు వెలిగించుకున్నారు.

చౌడక్క కొంగును కుదురులా చుట్టి, క్యాను నెత్తికెత్తుకొని నడక మొదలుపెట్టింది.

అయ్యా నారాయణస్వామిగారూ, తమకో ఫిర్యాదు. రొద్దం దారిలో సంచార డీజిల్ బండి ఒకటి లైసెన్సు లేకుండా తిరుగుతోంది. దానికి ఇసుక బకెట్లు లేవు, సిలిండరు లేదు, గొలుసు లేదు. నేలకు తగిలేవి రెండు ఉత్త కాళ్లే. పైగా అది బావి పక్కనే డీజిల్ పోయబోతోంది. తొందరగా వెళ్లి ఆపండి. లేకపోతే ఆ చేను బతికిపోయే ప్రమాదం ఉంది.