పద్దెనిమిదేళ్ల కారుకు బూస్ట్ యోగం

పాత కారున్న ప్రతి ఇంట్లోనూ మగవాడికి టర్బో పిచ్చి పట్టాలి! పట్టకపోతే మనమే పట్టించాలి! సంసారాలు బాగుపడటానికి ఇంతకు మించిన మార్గం లేదని బల్లగుద్ది చెబుతున్నాను. నవ్వకండి. మా వీధి కళ్లద్దాల షాపాయన సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

ఆయన కారుకు పద్దెనిమిదేళ్లు. టర్బో ఉన్న డీజిల్ బండి. టర్బో అంటే బ్రహ్మ పదార్థమేం కాదు, ఇంజన్‌లోకి గాలిని దబాయించి తోసే యంత్రం. ఆ తోపుడు పేరే బూస్ట్. ఎంత తోస్తే బండికి అంత ఊపు.

ఆ కారులో రోజూ డ్యూటీకి వెళ్లేది మాత్రం ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆయన భార్య. దారిలో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలోనే బండి నీరసపడిపోతుంది. వెనక నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతూ మీదికొస్తుంటే, ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుపుతుంది.

"ఏవండీ, ఎక్కేటప్పుడు ఏదో బుస్సుమంటోంది. ఒక్కసారి ఎవరికైనా చూపించండి" అని రెండేళ్లుగా మొత్తుకుంటోంది.

"పిచ్చిదానా, అది టర్బో చప్పుడు! అదంటే చెవి కోసుకునేవాళ్లున్నారు తెలుసా?" అనేవాడాయన.

ఆయన్ని తప్పుపట్టకండి. రిపేరు అనే మాటలో ఏం మజా ఉంది? పదిమందిలో మీసం మెలేసి చెప్పుకునే మాటేనా అది?

ఒక ఆదివారం ఆయనే కారు తీశాడు. ఫ్లైఓవర్ మీద, కోడిగుడ్ల ట్రేలు తలెత్తున కట్టుకున్న మోపెడ్ ఒకటి ఆయన్ని దాటేసింది. దాటితే దాటింది, ఆ మోపెడ్ వాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు!

అంతే. పదకొండు రోజులు ఆయనకు నిద్రాహారాల్లేవు. "పాత కారుకు సురక్షితంగా బూస్ట్ పెంచడం ఎలా?" అన్న వీడియోలే వీడియోలు. షాపుకు అద్దాల కోసం వచ్చిన పెద్దాయన చార్టులో నాలుగో వరుస చదువుతుంటే, "టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గురించి మీ అభిప్రాయం?" అని అడిగాడట. ప్రెషర్ చూపించే మీటరు కొని డాష్‌బోర్డుకు బిగించాడు. కన్న కొడుకు ప్రోగ్రెస్ కార్డు కూడా అంత శ్రద్ధగా చూసి ఎరగడు!

ఇక్కడే ఉంది టర్బో మహిమ. ప్రతి వీడియోలోనూ ఒకటే మాట: పెంచేముందు ఆయిలు చూడు, ఫిల్టర్ చూడు, గొట్టాలు చూడు, గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూడు. బానెట్ ఎటు తెరుచుకుంటుందో తెలియని మనిషి, ఈ జాబితా పట్టుకుని మెకానిక్ దగ్గర వాలాడు.

మెకానిక్ గొట్టాల్లోకి గాలి ఎక్కించి, సబ్బునీళ్లు చల్లాడు. ఒకచోట బుడబుడా బుడగలొచ్చాయి.

"ఇదిగో సార్, గొట్టం చిరిగింది. వేలు పట్టేంత."

గొట్టం మార్చాక ఫ్లైఓవర్ దాకా వెళ్లొచ్చారు. మీటరు ముల్లు ఇదివరకటికి రెండింతలు లేచింది.

"భేష్! ఇప్పుడు పెంచెయ్" అన్నాడాయన ఉత్సాహంగా.

"ఇంకా పెంచేదేంటి సార్? కంపెనీవాడిచ్చిందే ఇన్నాళ్లూ సగం గాలిలో కలిసిపోయింది. ఈ వయసు ఇంజన్‌ని ఇంతకంటే దబాయిస్తే చేతికొస్తుంది. అయినా ఇంత లీకుంటే బుస్సుమనాలే! ఇంట్లో ఎవరూ వినలేదా?"

ఆయన గోడకు వేలాడుతున్న పానాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

మర్నాడు ఆవిడ డ్యూటీ నుంచి వస్తూనే, "ఒక్క ఊపులో ఎక్కేసిందండీ! ట్యాంకర్ ఎక్కడో కింద ఉండిపోయింది" అంది. ఆవిడ మొహంలో అంత సంతోషం చూసి ఆయనకు సిగ్గేసింది.

"తప్పు నాదేనోయ్. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది. ఇకమీదట నువ్వు ఏం చెప్పినా చెవులు రిక్కించి వింటాను. ఇంకేమైనా చప్పుడొస్తోందా?"

"వస్తోంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే గరగరమంటోంది. మూడు నెలలైంది మీకు చెప్పి."

ఆయన గంభీరంగా తలూపాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కళ్లజోడు సవరించుకుని, ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు: "పాత కారుకు రేసింగ్ బ్రేకులు".

ఆవిడ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, తాళాలు తీసుకుని తనే మెకానిక్ దగ్గరికి బయల్దేరింది.

"ఆగవోయ్! ఇంకా తొమ్మిది వీడియోలున్నాయి!" అని ఆయన వెనక నుంచి కేకేశాడు.