కనకయ్య ల్యాప్‌టాప్‌కు వేసిన తాళం

తాళం ఎంత గట్టిదైతే సొత్తు అంత భద్రమని లోకంలో ఒక నమ్మకం ఉంది. నమ్మకాలన్నీ పరీక్షకు నిలవవు. ఇది నిలిచింది. పరీక్ష జరిగిన చోటు ముంబై దగ్గరి భివండి, అక్కడి నాగావ్‌లో మగ్గాల షెడ్డు నడిపే కనకయ్య ఇల్లు.

ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లకు పాస్‌వర్డుతో తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌ను నిందించేవారున్నారు. పాస్‌వర్డ్ పనిచేయకపోతే గతేమిటని అడుగుతారు. ఎంత అల్పబుద్ధి! యజమానిని సైతం గడప తొక్కనివ్వని కాపలాదారుకన్నా నమ్మకస్తుడు మరెక్కడ దొరుకుతాడు?

కనకయ్యకు ఈ సత్యం అనుభవం మీద తెలిసింది. నిరుడు ఆయన చీర అంచు డిజైన్ ఒకటి బజారుకు చేరకముందే, పక్కనే కనేరిలో, పోటీదారు విఠల్ షెడ్డులో మగ్గాల మీద నడిచింది. డిజైన్ ఫైలును ఎవరో ఎత్తుకుపోయారని కనకయ్య తీర్మానించాడు. సాక్ష్యం లేదు. తీర్మానానికి దాని అవసరమేముంది? కూతురు స్వర్ణ చేత డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయించాడు. పాస్‌వర్డుగా తన పేరే పెట్టించాడు, వెనక నాలుగు అంకెలతో.

ఈ ఏడాది అంచు స్వర్ణ ఆ ల్యాప్‌టాప్‌లోనే సొంతంగా గీసింది. జొన్నకంకుల వరుస, మధ్యమధ్య పిట్ట. ముంబై వ్యాపారి ఓంప్రకాష్ దీపావళి ముందు సోమవారం వస్తానన్నాడు. ఎవరి దగ్గరా లేని అంచైతేనే కొంటానన్నాడు. కొంటే అంచులు నేసే నాలుగు జకార్డు మగ్గాలు స్వర్ణ చేతికి వస్తాయి. కొనకపోతే పూర్ణ అనే ఊరి గోదాముల్లో పార్సిళ్లకు స్టిక్కర్లు అంటించే కొలువు. షరతు తండ్రిదే.

దసరా నాడు మగ్గాలతో పాటు ల్యాప్‌టాప్‌కూ పూజ జరిగింది. అన్నం పెట్టే యంత్రానికి బొట్టు లేకపోతే ఎలా? కనకయ్య పసుపు చిక్కగా కలిపి, కీబోర్డు మీద తన పేరు మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాన్ని వెతికి, దాని మీదే నిండుగా అద్దాడు. కొత్త అంచుతో నేసిన నమూనా గుడ్డను అమ్మవారికి కప్పి, పూజయ్యాక జానెడు ముక్కలుగా కత్తిరించి, జమ్మి ఆకుతో పాటు వచ్చినవారందరికీ పంచాడు. ఆ ఇంటి ఆనవాయితీ అది. పగవాడైనా సరే, దసరా నాడు గడపలోకి వచ్చినవాణ్ని వట్టి చేతులతో పంపరు.

హారతి వేళ కరెంటు పోయింది. బ్యాటరీ ఏనాడో చచ్చింది. తెర మీది అమ్మవారు అంతర్ధానమయ్యారు. తెల్లారినా తిరిగి రాలేదు.

రిపేరు దుకాణం పంకజ్ వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి, మిషన్ మళ్లీ లేచేలా బూట్ రిపేర్ చేశాడు. నల్లటి తెర లేచి పాస్‌వర్డ్ అడిగింది. స్వర్ణ కొట్టింది. తప్పన్నది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

ఆ తెర సంస్కారాన్ని ఇక్కడ మెచ్చుకోవాలి. కొట్టిన అక్షరం పడిందో లేదో చూపదు. కనీసం చుక్కయినా పెట్టదు. ఎంత గుట్టు!

"నీ పేరే కొడుతున్న నాయినా, వద్దంటున్నది."

"మంచిగ కొట్టు బిడ్డా. నా పేరే నాకు తప్పైతదా?"

"నీ పేరు చెప్తె కిరాణంల చాయపత్తి గూడ ఇస్తలేరు. ఇది తలుపు తీస్తదా?" అన్నది భార్య లక్ష్మవ్వ.

కనకయ్య ముఖంలో దిగులు లేదు, గర్వం ఉంది. "చూసిన్రా! నన్నే రానిస్తలేదు. ఇగ ఆ విఠల్‌గాని తరమైతదా?"

ఈ తర్కంలో లోపం ఎవరు చూపగలరు?

రోజులు గడిచాయి. పంకజ్ చివరికి "ఫార్మాట్ మారూ క్యా?" అని అడిగాడు. అంతా చెరిపేయడమన్నమాట. భద్రతకు అంతకన్నా పరాకాష్ఠ లేదు. ఫైలే లేకపోతే దొంగ ఏం ఎత్తుకుపోతాడు? స్వర్ణ మాత్రం ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, "ముట్టుకుంటె చెయ్యి ఇరుగుతది" అన్నది. ఆ పూట అన్నం ముట్టలేదు.

సోమవారం పొద్దున పంకజ్ తానే ఒకసారి కొట్టి చూశాడు. వేలికి పచ్చగా అంటింది.

"క్యా కాకా, కీబోర్డ్ కో భీ హల్దీ లగాయా?"

పసుపు లోపలికి దిగి ఎండిపోయింది. మీట కదులుతోంది, అక్షరం పడటం లేదు. పంకజ్ వేరే కీబోర్డు తగిలించాడు. పాస్‌వర్డ్ మొదటి దెబ్బకే పట్టింది. స్వర్ణ కళ్లు తుడుచుకుంది. కనకయ్య చాయ్ తెప్పించాడు.

మధ్యాహ్నం ఓంప్రకాష్ వచ్చాడు. తెర మీది జొన్నకంకులను చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలోంచి ఒక చీర తీసి పక్కన పరిచాడు. అవే కంకులు, అదే పిట్ట.

"యే తో కనేరీ మే చల్ రహా హై. విఠల్ కే యహా."

"వానికెట్ల దొరికె?" అన్నాడు కనకయ్య.

ఓంప్రకాష్ కూడా విఠల్‌ను అదే అడిగాడట. విఠల్ ఏమీ దాచలేదట. జానెడు గుడ్డముక్క చూపించి, "దసరా కా ప్రసాద్" అన్నాడట.

ఓంప్రకాష్ అంచు కొనలేదు. స్వర్ణ బుధవారం నుంచి పూర్ణ గోదాములకు పోతోంది. డిస్కులోంచి ఒక్క ఫైలూ బయటికి పోలేదు.