డైరెక్టర్ గారి వారంటీ

తన కారు స్టార్ట్ కాకపోవడం మెట్ట ప్రాంత రైతాంగం ఆత్మగౌరవానికి జరిగిన తీరని అవమానమని రాష్ట్ర పశుగ్రాస ప్రోత్సాహక కార్పొరేషన్ డైరెక్టర్ మాలకొండయ్య గారు ఉదయగిరి బస్టాండ్ సెంటర్లో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. విలేకరులు ఇద్దరే వచ్చారు. మూడో కుర్చీ ఖాళీగా ఉంటే ఫోటోలో బాగుండదని నన్ను కూర్చోమన్నారు. ఆ విధంగా ఈ పోరాటంలో నాకు మొదటి నుంచీ కుర్చీ ఉంది.

నాది బస్టాండ్ ఎదురుగా ఫ్లెక్సీలు వేసే షాపు. మనుషుల గొప్పతనాన్ని అడుగుల్లో చెప్పడం మా వృత్తి. పుట్టినరోజుకి ఆరు బై నాలుగు, పదవి వస్తే పది బై ఎనిమిది. మాలకొండయ్య గారు డైరెక్టర్ అయినప్పుడు మాత్రం ఇరవై బై పన్నెండు వేశాను. దాని వెనక బస్సుల టైం బోర్డు మూసుకుపోతే జనం బస్సుల సంగతి ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టారు. మనుషుల మధ్య మాటలు పెంచిన నాయకుడు మా తాలూకాలో ఆయనొక్కడే. ఆ ఫ్లెక్సీలో ఆయన మంత్రి గారి భుజం మీద చెయ్యేసి నవ్వుతూ ఉంటారు. ఆ ఫోటో మా షాపు కంప్యూటర్లోనే దిగారు.

ఆ కార్పొరేషన్ గురించి గిట్టనివాళ్లు నానా మాటలూ అంటారు. ఆఫీసు లేదంటారు. నిజమే, లేదు. నిధుల్లేవంటారు. అదీ నిజమే. గడ్డి కూడా లేదంటారు. వానలు పడని ఏడాది మర్రిపాడు వైపు గడ్డి ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరి కార్పొరేషన్ అయితే మాత్రం? డైరెక్టర్ గారున్నారా లేదా? ఆయన తిరిగితే కార్పొరేషన్ తిరిగినట్టు. ఆయన తిరగాలంటే కారు కావాలి. అందుకే కారు కొన్నారు.

కంపెనీవాడు దాన్ని ఉత్త కారుగా చేసి ఇచ్చాడు. డైరెక్టర్ గారి కారుగా చేసింది మా పక్క షాపు ఎలక్ట్రీషియన్ వినోద్. బంపర్ ముందు ఇనప గార్డు, గార్డు మీద వరసగా లైట్లు, రెండు వైపులా జెండా కర్రలు, మూడు రాగాలు పలికే సైరన్, లోపల మైకు, అన్నిటికీ మించి గార్డు మధ్యలో తళతళలాడే ఇత్తడి బోర్డు. బోర్డు మీద డైరెక్టర్ అని, కింద కార్పొరేషన్ పేరు చెక్కించారు. ఆయన పేరు కూడా వేయిద్దామా అని వినోద్ అడిగాడు.

"పేరెందుకురా? పదవి చూస్తే మనిషి తెలియడా?" అన్నారు డైరెక్టర్ గారు.

ఎంత లోతైన మాట! ఆ రోజు నాకు సగమే అర్థమైంది.

సైరన్ మోగిందంటే అనంతసాగరం రోడ్డు మీద బర్రెలు కూడా పక్కకి తప్పుకునేవి. పశువులకి ఆ కార్పొరేషన్‌తో ఉన్న ప్రత్యక్ష సంబంధం అదొక్కటే. అలాంటి కారు మర్రిపాడులో ఒక పెద్దాయన చనిపోతే పరామర్శకి పోయినప్పుడు మొరాయించింది. చావింటి ముందు ఆపిన తర్వాత కూడా సైరన్ ఆగలేదు. వినోద్‌కి ఫోన్ చేస్తే అన్ని స్విచ్చులూ ఒకసారి వేసి తీయమన్నాడు. వేశారు. మూడు రాగాలూ కలిసి మోగాయి, లైట్లన్నీ వెలిగాయి, డాష్‌బోర్డు సందుల్లోంచి పొగ వచ్చింది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. పాడె మోయడానికి వచ్చినవాళ్లే ముందు కారుని తోశారు. పరామర్శకి వచ్చినాయన్నే బంధువులు ఓదార్చడం నేను అక్కడే చూశాను.

మామూలు రోజుల్లో అయితే ఇది కారు సంగతి మాత్రమే. కానీ కార్పొరేషన్ చైర్మన్ పార్టీ మారి పోవడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. కుర్చీ అంటే మాటవరసకి, ఆఫీసు లేదని చెప్పాను కదా. వచ్చే సోమవారం మంత్రి గారు ఆత్మకూరులో సభ పెట్టి, అక్కణ్ణించి కార్ల ఊరేగింపుతో ఉదయగిరి వస్తారు. ఆ ఊరేగింపులో మంత్రి గారి కారు వెనక ఎవరి కారుంటే వాళ్లే చైర్మన్ అని పార్టీలో పిల్లాడిక్కూడా తెలుసు.

"ఇరవై ఏండ్లు జెండా మోసినాను సిద్ధయ్యా. ఆరోజు కారు లేకుంటే నన్ను ఎవురు చూస్తారు?" అన్నారాయన నాతో. నాకు జాలేసింది.

డబ్బు కట్టి బాగుచేయించుకుంటే పోలా అని ఆయన భార్య వెంకమ్మ గారు అన్నారట. ఆడవాళ్లకి సిద్ధాంతాలు పట్టవు. ప్రజాజీవితంలోకి వచ్చాక ఆయన దేనికీ చేతి డబ్బు పెట్టి ఎరగరు. ఇప్పుడు పెడితే కార్యకర్తల్లోకి తప్పుడు సంకేతం పోతుంది. వారంటీ ఉండగా డబ్బు కట్టడమంటే ఓటు వేయించుకుని పని చేయనివాణ్ణి వదిలేయడమే అని ఆయన నాకు వివరించారు. తర్వాత ఆ ఉదాహరణ ఎక్కడా వాడొద్దన్నారు.

ఆత్మకూరు షోరూంలో సర్వీస్ మేనేజర్ సుధీర్ చల్లని మనిషి. ఏసీలో ఉండి ఉండి అలా అయ్యాడేమో. బానెట్ ఎత్తి చూసి, ఫోన్లో ఫోటోలు తీసుకుని, బయట ఫిట్టింగుల కోసం కంపెనీ వైర్లు కోసి జాయింట్లు వేశారనీ, అందుకే లోపలంతా కాలిపోయిందనీ, ఇది వారంటీ కిందకి రాదనీ ఎంతో మర్యాదగా చెప్పాడు.

డైరెక్టర్ గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"కారు మీ కంపెనీదా కాదా?"

"మాదే సార్."

"దాంట్లో ఉండేది ఏమన్నా నేను తీసేసినానా?"

"లేదు సార్. పెట్టించారు."

"తీస్తే దొంగతనం అబ్బయ్యా. పెడితే తప్పేంది? ఉన్నదానికి ఇంకా నాలుగు చేర్చినోడికి వారంటీ ఎగ్గొడతారా?"

సుధీర్ కంప్యూటర్లో ఏదో వెతికాడు. కంపెనీ ట్రైనింగులో ఈ ప్రశ్న వచ్చి ఉండదు. చివరికి, సిస్టం ఒప్పుకోదు సార్ అన్నాడు.

"సిస్టం అంటే ఎవురు? ఫోన్ కలుపు, నేను మాట్లాడతా."

సిస్టం ఫోన్లో మాట్లాడదని తెలిశాక ధర్నా తప్పలేదు. షోరూం ముందు షామియానా వేశాం. వారంటీ మా జన్మహక్కు అని పది బై ఎనిమిది ఫ్లెక్సీ కట్టాను. మైకు కారులో ఉంది, కారు షోరూంలో ఉంది, అందుకని నినాదాలు నోటితోనే ఇచ్చాం. ఎండకి తట్టుకోలేక కార్యకర్తలు వంతులవారీగా లోపలికి పోయి ఏసీలో కూర్చుని వచ్చారు. అలా కూర్చున్న ఒకాయన లేచేటప్పుడు కొత్త కారు బుక్ చేశాడు. సుధీర్ అందరికీ మజ్జిగ పోయించి, రేపు కూడా రండి అన్నాడు. ధర్నా ఇంత విజయవంతం కావడం నేను ఎప్పుడూ చూడలేదు.

శనివారానికి మధ్యేమార్గం దొరికింది. బయటి సామాన్లన్నీ తీసేసి, కారుని కంపెనీ ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా చూపిస్తే, ఈ ఒక్కసారికి గుడ్‌విల్ కింద ఉచితంగా చేస్తామని పైనుంచి మెయిల్ వచ్చిందట. డైరెక్టర్ గారు అక్కడికక్కడే విజయం ప్రకటించి ధర్నా విరమించారు. వినోద్ వచ్చి గార్డు, లైట్లు, సైరన్, జెండా కర్రలు, చివరికి ఇత్తడి బోర్డు విప్పి షోరూం వెనక గోడకి ఆనించాడు. కారు గుండు కొట్టించుకున్నట్టు బోసిగా నిలబడింది. డైరెక్టర్ గారు దాని పక్కన నిలబడి ఉంటే ఎవరో దారిన పోయే మనిషి వచ్చి కలువాయికి బాడుగ ఎంత తీసుకుంటావని అడిగాడు. ఆయన నావైపు చూశారు. నేను ఫ్లెక్సీ మడతపెట్టుకుంటున్నాను.

సోమవారం పొద్దున కారు సిద్ధమైంది. తాళం తిప్పగానే పలికింది. అయితే బయటి సామాను తన ప్రాంగణంలో బిగించడానికి వీల్లేదని, గేటు దాటాక మీ ఇష్టమని సుధీర్ చేతులు జోడించాడు. అప్పటికే మంత్రి గారు సంగం దాటారని ఫోన్ వచ్చింది. డైరెక్టర్ గారు వెంటనే వ్యూహం చెప్పారు. మేమిద్దరం కారులో సభ దగ్గరికి పోవాలి, వినోద్ సామానంతా ఏదో ఒక బండిలో వేసుకుని వెనకనే రావాలి, మంత్రి గారు ప్రసంగిస్తున్నంతసేపట్లో బిగించేయాలి, ఉదయగిరి ఊరేగింపుకి కారు కారులాగా ఉండాలి.

అటుగా పోలేరయ్య ఆటో వచ్చింది. పోలేరయ్య అనంతసాగరం నుంచి ఆత్మకూరుకి షేర్ ఆటో నడుపుతాడు. అప్పటికే అందులో నలుగురు ముసలమ్మలు, ఒక మేకపిల్ల ఉన్నారు. సామాను లోపల పట్టక వినోద్ గార్డుని ఆటో ముందు కట్టాడు. బోర్డు గార్డుకే ఉండిపోయింది. జెండా కర్రలు పక్కల్లో గుచ్చాడు. సైరన్ ఒళ్లో పెట్టుకుని, పాడైందో బాగుందో చూద్దామని దాన్ని ఆటో బ్యాటరీకి తగిలించాడు. బాగానే ఉంది.

సభ జరిగే కాలేజీ గ్రౌండు దగ్గర పోలీసులు మా కారుని ఆపారు.

"ప్రైవేటు కార్లు అటు," అన్నాడు కానిస్టేబుల్.

"నేను డైరెక్టర్ని," అన్నారు మాలకొండయ్య గారు.

బోర్డు ఏదని అడిగాడు. వస్తా ఉండాదని చెప్పారు. పోనీ ఐడీ కార్డు చూపించమన్నాడు. కార్డు ఇవ్వడానికి ఆఫీసు ఉండాలి కదా. ఇంతలో మా వెనక సైరన్ మోగింది. కానిస్టేబుల్ నిటారుగా అయ్యాడు. ఇత్తడి బోర్డు ఎండలో మెరుస్తుంటే పోలేరయ్య ఆటో వచ్చింది. బారికేడ్లు వాటంతట అవే జరిగాయా అనిపించింది నాకు. సీఐ గారు స్వయంగా సెల్యూట్ కొట్టి లోపలికి పంపారు.

"డైరెక్టర్ గారు లోపలికి పోయినారు. ఇంక నువ్వు బండి తియ్యి," అన్నాడు కానిస్టేబుల్ డైరెక్టర్ గారితో.

తర్వాతిదంతా మేము బయట కట్టిన పెద్ద తెర మీద చూశాం. మంత్రి గారు మైకు ముందు నిలబడి, తన ఇన్నేళ్ల రాజకీయ జీవితంలో కార్లు దిగే నాయకుల్నే చూశాననీ, పేద అవ్వలతో, మూగజీవంతో కలిసి ఆటోలో వచ్చిన డైరెక్టర్ని ఈరోజే చూస్తున్నాననీ అన్నారు. నాలుగు చేతులు కలిసి పోలేరయ్యని వేదిక ఎక్కించాయి. శాలువా కప్పారు. పశుగ్రాస కార్పొరేషన్‌కి ఇలాంటి మట్టిమనిషే చైర్మన్‌గా ఉండాలని, ఉంటాడని మంత్రి గారు ప్రకటించి, రెండు మాటలు మాట్లాడమని మైకు ఆయన చేతికిచ్చారు.

"బండికాడ ముసిలోళ్లు ఎండలో ఉండారు సామీ. నేను పోవాల," అన్నాడు పోలేరయ్య.

గ్రౌండంతా చప్పట్లు. మంత్రి గారు కళ్లు తుడుచుకున్నారు. ప్రసంగాలు రాసిచ్చేవాళ్లని మార్చాలని పక్కాయనతో అనడం మైకులో అందరికీ వినబడింది. సాయంత్రం ఊరేగింపులో మంత్రి గారి కారు వెనకే ఆటో ఉదయగిరి వచ్చింది. మా కారుని చివర్లో, నీళ్ల ట్యాంకరు వెనక రానిచ్చారు.

ఆ సాయంత్రమే డైరెక్టర్ గారు మంత్రి గారి పీఏకి ఫోన్ చేశారు. పీఏ ఎంతో ఓపిగ్గా విన్నాడు. మంత్రి గారు వేదిక మీద చెప్పేశారు కాబట్టి ఇప్పుడు మనిషిని మారిస్తే మంత్రి గారు పొరపాటు పడినట్టు అవుతుందనీ, మీరు సీనియర్లు, సర్దుకోవాలనీ చెప్పాడు. డైరెక్టర్ గారు ఫోన్ పెట్టేసి, ఫ్లెక్సీలకి నాకు బాకీ ఎంతుందని అడిగారు. ఆయన్ని ఇరవై ఏళ్లుగా ఎరుగుదును, ఆ మాట అడగడం ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసి సోడా తెప్పించాను.

పొద్దున షాపు తెరిచి కూర్చున్నాను. ఎవరో దగ్గితే తలెత్తాను. డైరెక్టర్ గారు. సైరన్ లేకపోవడంతో వచ్చింది తెలియలేదు. చేతిలో పేపరు ఉంది. అందులో శాలువాతో ఉన్న ఫోటో మీద వేలు పెట్టి, ఇరవై నాలుగు బై పదహారు వేయమన్నారు. మా షాపు చరిత్రలో అంత సైజు వేయలేదు.

"పోలేరయ్య ఫోటోనా అన్నా?"

"చైర్మన్ గారి ఫోటో," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "డైరెక్టర్ల లిస్టు మళ్లా వేస్తారంట సిద్ధయ్యా. ఆయన ఒకమాట చెప్తేనే పేరు ఉంటాదంట. కింద శుభాకాంక్షలతో అని నాది వేయి."

మీ ఫోటో ఎంత పెద్దది వేయమంటారని అడిగాను. ఆయన చూపుడువేలు, బొటనవేలు కలిపి ఒక రూపాయి బిళ్లంత చూపించారు. ఇంకాస్త దగ్గరికి కలిపారు.

ఆ గార్డు, బోర్డు, సైరన్ వెనక్కి తెచ్చుకోలేదా అని అడిగాను. చైర్మన్ గారి బండి మీదున్నవి ఎట్లా అడుగుతామని నా మీద కోప్పడ్డారు. వినోద్ కూడా అటే పోయాడని, పొద్దుట్నించి ఆటోలో ముందు సీట్లో కూర్చుని అర్జీలు తీసుకుంటున్నాడని చెప్పారు.

అప్పుడే బస్టాండ్ మలుపులో సైరన్ మోగింది. మూడో రాగం. డైరెక్టర్ గారు మాట మధ్యలో ఆపి, గబగబా బయటికి పోయి, రోడ్డు మీద అడ్డంగా ఉన్న తన కారుని పక్కకి తీశారు.

కారు మాత్రం ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.