మేనేజర్‌గారి ఊపిరి లెక్క

సంసారం బాగుపడాలంటే ఇంట్లో జబ్బుపడ్డ గినీ పిగ్ ఒకటి ఉండి తీరాలి. ఆరోగ్యంగా ఉన్నది ఎందుకూ పనికిరాదు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. తోకలేని బొద్దు ఎలకలా ఉండే మా గినీ పిగ్ పేరు మేనేజర్. పేరు పెట్టింది నేనే. పొద్దస్తమానం తినడం, పనిచేసేవాళ్ళని చూసి కీచుమని అరవడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. అలాంటిది పది రోజుల క్రితం తిండి మానేసింది. పొట్ట డప్పులా ఉబ్బింది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

"మేం కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తామండీ" అని ఇద్దరు డాక్టర్లు గుమ్మంలోంచే పంపేశారు. మూడో డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, "పొట్ట నిండా గ్యాస్, ఛాతీలో నెమ్ము. ఇంకో పూట ఆగితే దక్కేది కాదు" అంది. మా అమ్మాయి బావురుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఈ ముక్క మా ఆఫీసులో చెప్పకండి.

ఎప్పుడు తినడం మానేసింది, ఎప్పుడు నీరసపడింది అని ఆవిడ గుచ్చిగుచ్చి అడిగితే, గంటలతో సహా గడగడా అప్పజెప్పాను!

ఇక అక్కణ్ణుంచి చూడాలి మా ఇంటి వైభోగం! లేవగానే వంటింటి త్రాసులో మేనేజర్ తూకం. వేళకు సిరంజితో మందు, జావ, గ్యాస్ పోయేలా పొట్ట రాయడం. నేను మీటింగు మధ్యలో బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి.

"పెంటికలు వేసిందా?"

"పదకొండు వేసిందండీ!"

మా ఆవిడ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయింది? పెళ్ళయిన కొత్తలో కూడా మేమింత మాట్లాడుకున్న గుర్తులేదు. ఇరుగూ పొరుగూ పరామర్శకు వచ్చారు. మా అమ్మ కూడా కుర్చీలో కూర్చుని దానికి గడ్డి కత్తిరించి పెడుతూ, "నా కడుపున పుట్టి ఎలక్కి పొట్ట రాస్తున్నావట్రా!" అని మురిసిపోయింది.

అన్నిటికన్నా గొప్ప వరం డాక్టరమ్మ చివరి షరతు. రోజూ సాయంత్రం చప్పుడనేది లేకుండా కూర్చుని, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. టీవీ బంద్. ఫోన్లు బంద్. మా ఇంట్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను!

నిన్న సాయంత్రం అమ్మాయి మేనేజర్ డొక్కకు చెవి ఆనించి తలెత్తింది.

"నాన్నా, దీనికి తగ్గిపోయింది. మరి ఈ పిల్లికూతలు ఎక్కణ్ణుంచి?"

ముగ్గురం కుర్చీ వైపు తిరిగాం. గడ్డి కత్తిరిస్తున్న మా అమ్మ చెయ్యి ఆగింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా?" అన్నాను.

"నాకేంలేరా. నెలైందేమో. మీరు దాని హడావుడిలో ఉన్నారుగా."

నెల! అంటే మేనేజర్‌కంటే ముందు నుంచే!

ఇవాళ పొద్దున్నే అమ్మని మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ముఖం చిట్లించి నాకేసి చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

గంటలతో సహా అప్పజెప్పే నేను అమ్మకేసి చూశాను. ఆయాసంలోనే మా అమ్మ అందుకుంది.

"నిన్నటినుంచేనండీ. మావాడు చూడగానే తీసుకొచ్చేశాడు."