లాహ్తి గారి తిరుగు ప్రయాణం

ఆ రోజు ఉదయం ఇల్మరి లాహ్తి చేయదలచుకున్న పని చాలా చిన్నది. భార్య హిల్యా ఈతకొలనుకు వెళ్లగానే, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు ఎవరికైనా ఫోన్ చేసి, ఈ ఇల్లు అమ్మకానికి పెడితే ఎంత పలుకుతుందో కనుక్కోవాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతి మెల్లగా ఆమె చెవిన వేయాలి. చలికాలం మొదలయ్యేలోగా ఫీనిక్స్‌కు ఓ దండం పెట్టి, ఇద్దరూ ఉత్తరాన ఉన్న తమ పాత ఊరు డులూత్ వెళ్లిపోవాలి. చలికాలాన్ని వెతుక్కుంటూ పరిగెత్తే మనిషి కూడా ఉంటాడా అనే అనుమానం ఎవరికైనా వస్తే, వాళ్లు ఫీనిక్స్‌లో ఒక్క జులై గడిపి చూడాలి.

రోళ్లు పగిలే ఎండ అంటారే, ఆ ఎండ ఇక్కడ ఉదయం కాఫీ వేళకే వచ్చి కూర్చుంటుంది. ఇల్మరి కారు స్టీరింగును వంటింటి చేతితొడుగులు వేసుకుని పట్టుకునేవాడు. డులూత్ రేవులో మంచుగాలికి ఎదురు నిలబడి జీవితమంతా ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తించిన మనిషి, ఇప్పుడు సొంత ఇంటి ముంగిట్లోకి పోవాలంటే పొద్దు గుంకేదాకా ఆగాల్సివచ్చేది. పోయినా అక్కడ చేసేదేమీ లేదు. గడ్డి ఉండదు, గులకరాళ్లు ఉంటాయి. ఆ గులకరాళ్ల రంగు కూడా కాలనీ సంఘమే నిర్ణయిస్తుంది.

ఇంత కష్టం ఉన్నవాడు ఎప్పుడో బయటపడి ఉండాల్సింది. కానీ ఇల్మరికి తన నోరే శత్రువు. ఉద్యోగ విరమణ రోజున చర్చి హాల్లో ఊరివాళ్లందరికీ విందు ఇచ్చి, ఇంటినుంచి తెచ్చుకున్న మంచుపారను అందరి ముందూ మోకాలికేసి విరిచాడు. ఇక ఈ జన్మకు మంచు ఎత్తేది లేదనీ, ఎండ ఉన్న ఊళ్లో మహారాజులా బతుకుతాననీ ప్రకటించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫిన్లాండ్ నుంచి వచ్చి డులూత్‌లో స్థిరపడిన తనలాంటి ఫిన్నిష్ వాళ్లు తెలివితక్కువతనాన్ని క్షమిస్తారు, గొప్పలు పోవడాన్ని మాత్రం క్షమించరు. అందుకే ఇల్మరి ప్రతి ఆదివారం అన్న ఆర్వోకు ఫోన్ చేసి, పెరట్లో చెట్టు నుంచి నారింజలు కోసుకు తింటున్నామని చెప్పేవాడు. చెట్టు ఉన్నమాట నిజమే. దాని కాయలు అందానికే తప్ప తినడానికి కావు. ఒకటి నోట్లో పెట్టుకున్న రోజున అతనికి సాయంత్రం దాకా నాలుక చేదు పోలేదు.

ఇక హిల్యా సంగతి. ఆమె ఈ ఊరి గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు కాబట్టి ఆమెకూ ఇష్టం లేదనే ఇల్మరి తీర్మానం. వాళ్ల కాపురంలో ఆమె మౌనానికి అర్థం చెప్పే బాధ్యత మొదటినుంచీ అతనే తీసుకున్నాడు. ఆ అర్థం ఏనాడూ అతనికి ఇబ్బంది కలిగించేలా రాలేదు.

హిల్యా తువ్వాలు భుజాన వేసుకుని అటు వెళ్లగానే ఇటు ఫోన్ అందుకున్నాడు. బస్టాపు బల్ల మీద బొమ్మలో నవ్వుతూ కనిపించే ఏజెంటు డెల్ఫీన్ ఒరోస్కో స్వయంగా పలికింది. ఇల్లు ఎంత పాతది, గదులెన్ని అని అడిగాక, కొనేవాళ్లు అడుగుతారు గనక ఎందుకు అమ్ముతున్నారో కూడా చెప్పమంది. ఊరు మారి తప్పు చేశానని పరాయి ఆడమనిషికి చెప్పుకోవడానికి ఇల్మరికి నామోషీ అనిపించింది. "ఏవో ఇంటి విషయాలు" అన్నాడు.

"మేడంగారికి తెలుసా?"

"ఇంకా లేదు. నెమ్మదిగా చెప్పాలి."

అవతల గొంతు కాస్త తగ్గింది. "మరి మీరు ఎక్కడికి వెళ్తారు లాహ్తి గారూ?"

"మా సొంతూరికి. ముందు నేనొక్కడినే వెళ్లి ఏదో ఒక కొంప చూసుకుంటా. తర్వాత సంగతి తర్వాత."

"నాకు అర్థమైందండి" అంది డెల్ఫీన్, చావు ఇంట్లో మాట్లాడినట్టు. "మీరేమీ వివరించక్కర్లేదు. ఇలాంటివి త్వరగా తేల్చేసుకుంటేనే అందరికీ మనశ్శాంతి. నేను ఇవాళే వస్తాను."

ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాడు ఇల్మరి. ఈ ఊళ్లో తన బాధ పట్టించుకున్న మొదటి మనిషి ఆమే అనిపించి గుండె తేలికపడింది.

డెల్ఫీన్ తల్లి కన్సుయెలో ఆ కాలనీలోనే ఉంటుందనీ, రోజూ అదే కొలనుకు వ్యాయామానికి వెళ్తుందనీ ఇల్మరికి తెలియదు. ఇల్లు ఎలాంటిదో అడుగుదామని డెల్ఫీన్ తల్లికి ఫోన్ చేసింది. లాహ్తి వాళ్లు విడిపోతున్నారట, పాపం ఆవిడకు ఇంకా తెలియదట, నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు అని కూడా చెప్పింది. కన్సుయెలో ఎవరితోనూ అనలేదు. నడుము లోతు నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి హిల్యా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావమ్మా అని కొలనులో ఉన్న ఆడవాళ్లందరూ చుట్టూ చేరేసరికి చెప్పక తప్పలేదు.

ఇంటి దగ్గర ఇల్మరి రెండో కాఫీ పోసుకుంటుండగా పక్కింటి మెర్విన్ బీరు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన ఉంటున్నా అంతదాకా చెత్తబండి వచ్చే రోజు గురించి తప్ప మాట్లాడుకున్నది లేదు. మెర్విన్ భార్యలాంటి ఒకావిడ కూడా కొలనుకు పోతుంది.

"విన్నాను. వెళ్లిపోతున్నావటగా" అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

అంత త్వరగా ఎలా తెలిసిందని ఇల్మరి ఆశ్చర్యపోయాడు గానీ, ఓదార్పు దొరికినప్పుడు వంకలు పెట్టదలచుకోలేదు. ఇక తట్టుకోలేకపోతున్నానని ఒప్పుకున్నాడు. మొదట్లో ఎంతో ముచ్చటపడి వచ్చాననీ, ఆ వేడికి రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదనీ చెప్పాడు. మెర్విన్ సానుభూతిగా తల ఊపాడు.

"నాకు మూడుసార్లయింది. మొదటిదే కొంచెం కష్టం. తర్వాత అలవాటైపోతుంది."

మెర్విన్ మూడు ఊళ్లు మారాడన్నమాట అనుకున్నాడు ఇల్మరి. "తిరిగి పాతదానికే వెళ్దామని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఒకసారి వెళ్లాను. తలుపు తియ్యలేదు." మెర్విన్ ఇంకో డబ్బా తెరిచాడు. "నా మాట విను. ఇంటి కోసం కొట్లాడకు, వదిలెయ్. కుక్కను మాత్రం అడుగు."

"మాకు కుక్క లేదే."

"ఇంకేం మరి, ఒక తలనొప్పి తగ్గింది."

ఎండకు ఈ ఊళ్లో అందరి బుర్రలూ ఇలాగే అవుతాయని, తన బుర్ర కూడా కాకముందే బయటపడాలని ఇల్మరి మరింత గట్టిగా అనుకున్నాడు.

మెర్విన్ ఇంకా కదలకముందే డెల్ఫీన్ దిగింది. ఒక్కతే రాలేదు. ఇల్లు చూపించమని కొన్నాళ్లుగా తన ప్రాణం తీస్తున్న ఒక జంటను కూడా వెంటబెట్టుకొచ్చింది. ధర కనుక్కుందామన్నాను గానీ ఇప్పుడే అమ్ముతానన్నానా అని ఇల్మరి నసిగాడు. ఆమె అతని భుజం తట్టి, ధైర్యంగా ఉండమంది. వాళ్లు పడగ్గది అలమారా తలుపులు తీసి చూస్తుండగా హిల్యా తడి జుట్టుతో లోపలికి వచ్చింది.

ఆమె కేకలు వేయలేదు. కొత్తవాళ్లను చూసింది, డెల్ఫీన్‌ను చూసింది. ఆ రోజు డెల్ఫీన్ ఎర్ర చొక్కా వేసుకుని, సువాసనలు వెదజల్లుతూ ఉంది. హిల్యా మెల్లగా వంటింట్లోకి వెళ్లి తలుపు మూసుకుని, డులూత్‌లో ఉన్న చెల్లెలు సైమాకు ఫోన్ చేసింది. ఆమె చెప్పింది రెండు ముక్కలే. సైమా దాన్ని చర్చిలో కాఫీ కాచేవాళ్లకు చెప్పింది. అక్కడినుంచి ఆ మాట ఆర్వో ఇంటికి చేరేసరికి చిలవలు పలవలు అల్లుకుంది.

ఇల్మరి ఫోన్ మోగింది. ఆర్వో ఆదివారం కాని రోజున తనంతట తాను ఫోన్ చేయడం తండ్రి పోయిన తర్వాత ఇదే మొదలు.

"ఏరా, ఆ ఇళ్లమ్ముకునే దానికి వయసెంత?"

"ఎవరికి?"

"నాకు తెలియదనుకోకు. ఎర్ర చొక్కా అట, మొగుడూ పెళ్లాల పడగ్గదిలోనే తిరుగుతోందట. చర్చిలో నీ కోసం ప్రార్థన కూడా చేశారు. నారింజలు నారింజలంటే ఏమో అనుకున్నాను గానీ, ఇదా నీ మహారాజు బతుకు?"

అలాంటిదేమీ లేదనీ, తాను డులూత్ వచ్చేద్దామనుకుంటున్నాననీ ఇల్మరి చెప్పబోయాడు.

"నువ్వొక్కడివే వస్తే నా గడప తొక్కకు" అన్నాడు ఆర్వో. "హిల్యా వస్తే రానీ. ఆ అమ్మాయికి మా ఇంట్లో ఎప్పుడూ చోటుంటుంది." ఫోన్ పెట్టేశాడు.

ఇల్మరికి అప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. డెల్ఫీన్ మెత్తని గొంతు, మెర్విన్ కుక్క, వంటింటి మూసిన తలుపు. వెళ్లి ఆ తలుపు తోశాడు.

హిల్యా బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ లేదు. అతన్ని కూర్చోమంది. "ఆలోచించుకున్నాను. ఇల్లు నాకుండాలి. కారు నువ్వు తీసుకెళ్లు. నీ ఒంటి మీదకు వచ్చే బట్టలు తప్ప మిగతావి చర్చికి ఇచ్చేస్తాను."

అంత చక్కగా, అంత త్వరగా ఆమె పంపకాలు పూర్తి చేయడం చూసి ఇల్మరి గుండె చివుక్కుమంది. బతిమాలుతుందని కాకపోయినా, కనీసం ఎందుకని అడుగుతుందనుకున్నాడు. అయినా తన దగ్గరున్న శుభవార్త వింటే ఆమె ముఖం వికసిస్తుందన్న ధీమాతో కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"పిచ్చిదానా, విడాకులు ఎవరిక్కావాలి? డులూత్ వెళ్లిపోదామనుకున్నాను. మనిద్దరం."

ఆమె ముఖంలో అంతసేపూ ఉన్న రంగు అప్పుడు పోయింది.

"ఇద్దరమా?"

"ఇద్దరమే. మళ్లీ మన ఊరు, మన చర్చి, ఆర్వో వాళ్ల ఆవిరిస్నానాల గది..."

"విడాకులైతే తట్టుకోగలననుకున్నాను ఇల్మరీ" అంది హిల్యా. "పొద్దుట్నుంచి ఆలోచిస్తే అందులో కొన్ని సుఖాలు కూడా కనిపించాయి. కానీ డులూత్ నా వల్ల కాదు."

ఆమె చేతులు బల్ల మీద పెట్టి, వేళ్లు ఒకసారి ముడిచి, చాపింది.

"నీ పనిబట్టలు గడ్డకట్టి చెక్కల్లా నిలబడేవి. వాటిని కరగబెట్టి ఉతికిన వేళ్లు ఇవి. చలికాలమంతా నా చొక్కా గుండీలు నేను పెట్టుకోలేకపోయేదాన్ని. ఎవరు పెట్టేవారో తెలుసా? సైమా. నువ్వు పనికి వెళ్లాక రోజూ వచ్చి పెట్టి వెళ్లేది."

ఇల్మరి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "ఆదివారాలు నేను ఇంట్లోనే ఉండేవాణ్ని కదా."

"ఆదివారాలు గుండీలు లేనివి వేసుకునేదాన్ని."

ఇల్మరి ఆమె చొక్కా వైపు చూశాడు. మెడదాకా చిన్న చిన్న గుండీలు, అన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. ఈ ఊరొచ్చాక ఆమె ఇలాంటివే వేసుకుంటోందని అతను ఇంతదాకా గమనించలేదు. తాను ఇన్నాళ్లూ ఎండను తిట్టుకుంటుంటే, పక్కనే ఒక మనిషి అదే ఎండలో కొద్దికొద్దిగా కోలుకుంటోంది. తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడే ఫోన్ మళ్లీ మోగింది. ఆర్వోయే. నిజం చెప్పమన్నాడు, చర్చి పాస్టరు కూడా పక్కనే కూర్చుని ఉన్నాడన్నాడు. ఇల్మరి విడాకులు లేవని, ఇంకో ఆడమనిషి లేదని, భార్యను వదిలే ఆలోచన తనకు కలలో కూడా రాలేదని ఒట్టు పెట్టుకున్నాడు. కావాలంటే హిల్యానే అడగమన్నాడు. హిల్యా ఫోన్ దగ్గరకు వంగి నిజమేనంది.

ఆర్వో అంతటితో వదల్లేదు. "అయితే ఇల్లెందుకురా అమ్ముతున్నావు? ఊరు సరిపడక పారిపోయి వస్తున్నావా ఏంటి?"

ఆ గొంతులో వెటకారం ఉంది. ఆ వెటకారం వెనక విరిగిన మంచుపారను చూసిన ఊరంతా చెవులు రిక్కించి కూర్చుని ఉంది. అవునని ఒక్క ముక్క అంటే పోయేది. ఇల్మరి ఆ ముక్క అనడానికి నోరు తెరిచాడు కూడా.

"పారిపోవడమేంటి?" అన్నాడు. "ఈ ఇల్లు చాలక పెద్దది కొంటున్నాం. ఈతకొలను ఉన్నది."

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో డెల్ఫీన్ నిలబడి ఉంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. తెచ్చిన జంటకు ఇల్లు నచ్చిందనీ, సరిగ్గా అలాంటి కొలను ఉన్న ఇల్లు తన చేతిలో ఒకటి ఉందనీ, రెండు బేరాలూ ఒకేసారి తెమల్చవచ్చనీ అంది. ఇల్మరి సాయం కోసం భార్య వైపు చూశాడు. ఆ రోజు మొత్తంలో హిల్యా అతనివైపు దయగా చూడటం అదే మొదటిసారి. ఆమె డెల్ఫీన్‌ను కూర్చోమని కాఫీ పోసింది.

అక్టోబరులో వాళ్లు ఇల్లు మారారు. సామాను దించడానికి వచ్చిన మెర్విన్, ఇద్దరూ మళ్లీ కలిసిపోయినందుకు అభినందించి, ఇది ఎక్కువకాలం నిలవదని ఇల్మరి చెవిలో చెప్పాడు. హిల్యా ఆ సాయంత్రమే కొలనులో దిగింది. ఇల్మరి గట్టు మీద కూర్చుని ఉత్తరం వైపు చూశాడు.

కొత్త ఇల్లు పాత ఇంటికి దక్షిణాన ఉండటం వల్ల డులూత్ ఇంకో నాలుగు వీధులు దూరమైంది.