మిట్ట మీది నీటి కుంట

వాన మబ్బుల్లోంచి పడుతుందని ఇంకా నమ్ముతున్నారా? అయ్యో పాపం! ఈ కాలంలో వాన తనిఖీల్లోంచి పడుతుంది. నమ్మకం లేకపోతే నర్సింహులపేట దగ్గరి తండాకు పోయి తుల్సీబాయిని అడగండి.

తుల్సీబాయికి ఎకరం మిర్చి తోట ఉంది. నీటి సంరక్షణ పథకం కింద సర్కారు ఆమె చేనులో కుంట తవ్వించింది. ఎక్కడ? చేను మొత్తంలో ఎత్తైన మిట్ట మీద! వాన నీళ్లన్నీ కింది పల్లంలోకే పోతాయని ఆమె మొత్తుకుంది. కానీ పథకం బోర్డు రోడ్డుకు కనిపించాలి కదా! బోర్డు పక్కనే కుంట ఉండాలి కదా! నీళ్లదేముంది, కాస్త అలవాటైతే అవే పైకి ఎక్కుతాయి!

ఎక్కలేదు. తుల్సీబాయి మేకలు మాత్రం ఆ ఎండు కుంటలో గట్టు నీడన హాయిగా పడుకున్నాయి.

అప్పుడొచ్చింది తనిఖీ! పథకం చూసే ప్రకాశ్ సారు ముందురోజే ఉరుకులు పరుగుల మీద వచ్చి, నీళ్లు అమ్మే ఖదీర్ ట్యాంకర్‌తో కుంట నింపించాడు. సంరక్షించాలంటే ముందు నీళ్లంటూ ఉండాలి కదండీ! మరునాడు జీపులో వచ్చినవాళ్లు తుల్సీబాయిని కుంట ముందు నిలబెట్టి నవ్వమన్నారు, ఫొటో తీసుకున్నారు, పోయారు. జీపు మలుపు తిరగకముందే ఆమె కుంటలో పైపు వేసింది. మిట్ట మీంచి నీళ్లు మోటరు లేకుండానే తోటలోకి దిగాయి. ఇంత ముందుచూపు సర్కారుకు కాక ఇంకెవరికుంటుంది చెప్పండి! వాడిన మిర్చి తెల్లారేసరికి తలెత్తింది.

ఇక ఆమెకు తనిఖీల మీద వల్లమాలిన ప్రేమ పుట్టింది. తండా అంతా ఆకాశం వైపు చూస్తుంటే, ఆమె జీపు దారి వైపు చూసేది. ఇంతలో ఘోరం జరిగింది. ఫొటోలో నిండుగా మెరిసిన ఆ కుంటకు ఉత్తమ కుంట అవార్డు వచ్చి, ఫైలు మూతపడింది. ఇక తనిఖీల్లేవు! మిర్చి చూస్తే పూత మీదుంది. ఇప్పుడు ఒక్క తడి అందకపోతే ఏడాది కష్టం నేలపాలే.

తుల్సీబాయి తిన్నగా ఆఫీసుకు పోయింది.

"సారూ, జర తనిఖీ పెట్టుండ్రి."

"నీ కుంటకు అవార్డే వచ్చింది గదక్కా! ఇంకేం తనిఖీ?" అన్నాడు ప్రకాశ్.

"అయితే కుంటల సుక్క నీళ్లు లేవని పెద్దాఫీసుల దరఖాస్తు ఇస్త."

ప్రకాశ్ కుర్చీలోంచి లేచాడు. "గట్ల చేస్తే ఎంక్వైరీ వస్తదక్కా!"

"రానీ. జీపుల సార్లొస్తేనే ఒక ట్యాంకర్ వచ్చింది. గంత పెద్ద సారొస్తే రెండు రావా?"

"అసలు నీకేం గావాలె, చెప్పు!"

"బోర్డును మిట్ట మీదనే ఉండనియ్యి సారూ. కుంటను జర కింద పల్లంల తవ్వుండ్రి."

ప్రకాశ్ నెత్తి పట్టుకున్నాడు. కుంటను కదపాలంటే ఫైలు తెరవాలి. ఫైలు తెరిస్తే అవార్డు పరువు పోతుంది. ట్యాంకర్‌కైతే చక్రాలున్నాయి! వెంటనే ఖదీర్‌కు ఫోన్ కొట్టాడు.

ఆ ఏడు తుల్సీబాయి మిర్చి విరగకాసింది. అదంతా కుంట చలవేనని బోర్డు మీద ఇంకో లైను రాయించారు. మేకలు మళ్లీ కుంటలోనే పడుకుంటున్నాయి.